టీకా తర్వాత జబ్బు పడితే నష్టపరిహారం అడగొచ్చా? గాజువాక నుంచి, సలహా కావాలి

గాజువాక అక్క • 5 మే 2024

అందరికీ నమస్కారం. కోవిడ్ టీకా తయారుచేసిన ఆస్ట్రాజెనెకా కంపెనీ లండన్ కోర్టులో ఏదో ఒప్పుకుందన్న వార్త టీవీలో వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే టెన్షన్. మా తమ్ముడి సంగతి అడుగుదామని రాస్తున్నాను.

2021 జూన్‌లో వాడు కాంట్రాక్టరు కింద ఒక ఫ్యాక్టరీలో వెల్డర్. కోవిడ్ టీకా వేయించుకోకపోతే గేట్ పాస్ రెన్యువల్ చేసేది లేదన్నారు. కాంట్రాక్టరే ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లతో క్యాంపు పెట్టించి, ఆ డబ్బు జీతంలో కోసుకున్నాడు. రెండో వారంలో అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నాడు. తర్వాత మెట్లు ఎక్కలేకపోయాడు. ఆ తర్వాత కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయేవాడు. ఆసుపత్రిలో జీబీఎస్ (గిలియన్ బారే సిండ్రోమ్) అనే నరాల జబ్బు అన్నారు. దానికి మందు ఐవీఐజీ అని చిన్న చిన్న గాజు సీసాలు, ఒక్కోటీ వేలల్లో. అమ్మ గొలుసు, నా గాజులు అందులోనే పోయాయి. వెంటిలేటర్ దాకా వెళ్లి బతికాడు. ఇప్పటికీ కుడి పాదం పైకి లేవదు. మామూలు చెప్పు కాలికి నిలవదు, వెనక పట్టీ ఉన్నదే వేసుకోవాలి. ఇక వెల్డింగ్ పనికి ఎవరు పిలుస్తారు?

టీకా వల్లే అని నేను అనడం లేదు, నాకు తెలియదు. టీకా వల్లే అయితే ఎవరిని అడగాలి? ఎక్కడ అడగాలి? అసలు మన దేశంలో అలా అడిగే దారి ఉందా?

మోడరేటర్ • 5 మే 2024

అక్కా, వివరంగా రాశారు, థాంక్స్. అందరికీ ఒక మనవి. సొంత కేసుల్లో ఆసుపత్రి పేరు, కంపెనీ పేరు, టీకా పేరు రాయకండి. రేపు కోర్టుకు వెళ్తే ఇక్కడ రాసిందే మీకు అడ్డం రావచ్చు.

అనకాపల్లి బెల్లం • 5 మే 2024

మా నాన్నగారు 2023లో గుండెపోటుతో పోయారు. రెండు డోసులూ వేయించుకున్నారు. ఎలాంటి అలవాట్లూ లేవు. మేమూ కేసు వేస్తాం, ఎవరైనా కలిసి వస్తారా?

వాల్తేరు వకీలు • 6 మే 2024

అక్కా, ముందు ఉన్నదున్నట్టు చెప్తాను. టీకా వల్ల హాని జరిగిన వాళ్లకి ఇంత ఇవ్వాలని చెప్పే చట్టం గానీ, నిధి గానీ మన దేశంలో ఈ రోజుకి (2024 మే) లేదు. 2021లో టీకా తర్వాత చనిపోయిన ఇద్దరు అమ్మాయిల తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. దానికి 2022 నవంబరులో కేంద్రం వేసిన అఫిడవిట్ సారాంశం ఇది: టీకా స్వచ్ఛందం, ఎవరినీ చట్టపరంగా బలవంతం చేయలేదు, కాబట్టి ప్రభుత్వం బాధ్యత వహించదు, నష్టం జరిగిందనుకునేవాళ్లు సివిల్ కోర్టుకో వినియోగదారుల కమిషన్‌కో వెళ్లవచ్చు. అదే ఏడాది కేరళ హైకోర్టు, ఇలాంటి మరణాలను గుర్తించి కుటుంబాలకు పరిహారం ఇచ్చేలా మార్గదర్శకాలు తయారు చేయమని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థను ఆదేశించింది. తర్వాత సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

అంటే మీలాంటి కుటుంబం విడిగా కేసు వేసుకుని, విడిగా రుజువు చేసుకోవాలి. ఇది అన్యాయమని నా అభిప్రాయం. అయితే మీకు దారులు లేకపోలేదు. డబ్బు కట్టి వేయించుకున్నారు కాబట్టి మీ తమ్ముడు చట్టం దృష్టిలో వినియోగదారుడే. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా వేయించుకుని ఉంటే ఈ దారి దాదాపు మూసుకుపోయేది. అందరికీ ఉచితంగా చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జీతంలో కోసినట్టు పే స్లిప్ ఉందా? గేట్ పాస్ గురించి మెసేజ్ ఏదైనా ఫోన్‌లో మిగిలిందా? ముందు అవి వెతకండి.

ఒక్క విషయం మాత్రం రేపే చేయాలి. తమ్ముడు ఆసుపత్రిలో చేరింది 2021 జూన్ చివర్లో కదా. వైద్య మండలి నిబంధనల ప్రకారం చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు రికార్డులు ఉంచితే చాలు. వచ్చే నెలతో ఆ మూడేళ్లు అయిపోతాయి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు. మొత్తం కేస్ షీట్ కావాలని రాతపూర్వకంగా అడిగి, అర్జీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. 72 గంటల్లో ఇవ్వాలి.

మహారాణిపేట డాక్టర్ • 6 మే 2024

వకీలుగారు చెప్పింది అక్షరాలా పాటించండి. ఇక వైద్యం సంగతి.

లండన్ కేసులో వచ్చింది జీబీఎస్ కాదు, టీటీఎస్. అంటే రక్తం గడ్డకడుతూ, మరోపక్క ప్లేట్‌లెట్లు పడిపోవడం. అతి అరుదుగా అలా జరగవచ్చని కంపెనీ ఫిబ్రవరిలో కోర్టుకిచ్చిన పత్రంలో రాసింది. ఇది కొత్త సంగతేమీ కాదు, 2021లోనే యూరప్ సంస్థలు ప్రకటించాయి. మన దగ్గర 2021 మేలో కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం పది లక్షల డోసులకు 0.61 కేసులు.

జీబీఎస్ వేరు. మన రోగనిరోధక శక్తే మన నరాల మీద పడుతుంది. ఎక్కువసార్లు విరేచనాల తర్వాతో, జలుబు జ్వరాల తర్వాతో వస్తుంది. టీకాలతో సంబంధం అతి అరుదు, కానీ కట్టుకథ మాత్రం కాదు. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకా వేసినప్పుడు లక్ష మందికి ఒకరు చొప్పున అదనంగా జీబీఎస్ కనిపించింది. 2021లో కొన్ని కోవిడ్ టీకాల హెచ్చరికల్లో కూడా యూరప్ ఔషధ సంస్థ దీన్ని చేర్చింది. కాబట్టి అక్క అడిగింది అడగాల్సిన ప్రశ్నే. కేసు నడిస్తే అవతలి లాయరు మొదట అడిగేది ఇదే: ఆ నెలలో మీ తమ్ముడికి విరేచనాలు అయ్యాయా? కోవిడ్ వచ్చిందా? కేస్ షీట్‌లో వాటికి జవాబు ఉంటుంది.

అనకాపల్లి సోదరా, నాన్నగారి గురించి బాధగా ఉంది. రెండేళ్ల తర్వాత వచ్చిన గుండెపోటును టీకాకు ముడిపెట్టే ఆధారం ఇప్పటివరకు లేదు. 18 నుంచి 45 ఏళ్ల వాళ్ల ఆకస్మిక మరణాల మీద ఐసీఎంఆర్ చేసిన అధ్యయనం నిరుడు వచ్చింది. టీకా వల్ల ముప్పు పెరగలేదని తేలింది. అంతకుముందు కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, కుటుంబంలో ఆకస్మిక మరణాలు ఉండటం, అతిగా తాగడం, చివరి రెండు రోజుల్లో తీవ్రమైన శారీరక శ్రమ, వీటితో సంబంధం కనిపించింది. కేసు పేరుతో డబ్బు, మనశ్శాంతి పోగొట్టుకోవద్దు.

అనకాపల్లి బెల్లం • 6 మే 2024

అర్థమైంది డాక్టర్ గారూ. ఎవరూ ఇంత నెమ్మదిగా చెప్పలేదు.

ఎన్ఏడీ జంక్షన్ • 7 మే 2024

ఒక మాట అంటాను, అక్క ఏమీ అనుకోవద్దు. ఇలాంటివి చదివి నలుగురు తల్లులు పిల్లలకు టీకాలు మానేస్తే ఆ పాపం ఎవరిది? మన దేశంలో పోలియో చివరి కేసు 2011 జనవరిలో. మా వీధిలోనే పోలియో కాలితో పెరిగిన పెద్దాయన ఉన్నారు. ఆ రోజులు మళ్లీ రాకూడదు.

గాజువాక అక్క • 7 మే 2024

మా పాపకి పుట్టినప్పటి నుంచి ఒక్క టీకా కూడా తప్పలేదండీ. కార్డు బీరువాలోనే ఉంది. తమ్ముడికి అలా అయ్యాక కూడా వేయించాను. టీకాలు మంచివని నమ్మడానికీ, పాడైన కాలికి సాయం అడగడానికీ పోటీ ఎందుకు పెడతారు?

ఎన్ఏడీ జంక్షన్ • 7 మే 2024

మీ మాటతో ఏకీభవిస్తున్నాను అక్కా.

డల్లాస్ విశాఖ • 8 మే 2024

ఎన్ఏడీ గారి భయానికి అమెరికా చరిత్రలో జవాబుంది. 1980ల్లో కోరింత దగ్గు టీకా మీద వరసగా దావాలు పడి కంపెనీలు తయారీ మానేసే పరిస్థితి వచ్చింది. 1986లో చట్టం తెచ్చారు, 1988 నుంచి పరిహార పథకం నడుస్తోంది. ప్రతి డోసు మీద, అది అడ్డుకునే ఒక్కో జబ్బుకు 75 సెంట్ల పన్ను వేసి ఆ నిధి నుంచే ఇస్తారు. కంపెనీ తప్పు చేసిందని నిరూపించక్కర్లేదు. ఏ టీకా తర్వాత ఎంత వ్యవధిలో ఏ జబ్బు వస్తే టీకా వల్లేనని అనుకోవాలో ఒక పట్టిక ఉంటుంది. ఫ్లూ టీకా తర్వాత 3 నుంచి 42 రోజుల్లో జీబీఎస్ వస్తే ఆ పట్టికలోకి వస్తుంది. మరణానికి రెండున్నర లక్షల డాలర్లు. లాయర్ ఫీజు కూడా నిధే కడుతుంది. అంటే అక్కడ టీకాలను కాపాడటానికే ఈ పథకం పెట్టారు.

కోవిడ్ టీకాలు మాత్రం ఇందులో లేవు. వాటికి వేరే పథకం, ఏడాదిలోపే అర్జీ పెట్టాలి, డబ్బు అందినవాళ్లు చాలా కొద్దిమంది. ఇక్కడి బాధితులు దాని మీదే పోరాడుతున్నారు. బ్రిటన్‌లో 1979 చట్టం ప్రకారం ఒకేసారి లక్షా ఇరవై వేల పౌండ్లు ఇస్తారు గానీ, 60 శాతం వైకల్యం ఉందని తేలాలి. 55 అయితే సున్నా.

ఇంకో ముఖ్య విషయం. "అమెరికా నిధి నుంచి పరిహారం ఇప్పిస్తాం, రిజిస్ట్రేషన్‌కి 5,000 పంపండి" అని ఒక వాట్సాప్ గ్రూపు నడుస్తోందని మా పిన్ని చెప్పింది. ఇండియాలో టీకా వేయించుకున్నవాళ్లకి ఆ నిధితో ఏ సంబంధమూ లేదు. ఒక్క రూపాయి కూడా పంపకండి.

మోడరేటర్ • 8 మే 2024

ఆ గ్రూపు లింకు ఇక్కడ కూడా పెట్టారు, తీసేశాం. డబ్బు పంపినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వెంకటాపురం వాసి • 9 మే 2024

మొన్న మే 7తో మా ఊరి గ్యాస్ లీక్‌కి నాలుగేళ్లు. 12 మంది పోయారు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు ప్రభుత్వం కోటి రూపాయలు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి పది లక్షలు ప్రకటించింది. మర్నాడే గ్రీన్ ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. తర్వాతి వైద్యం విషయంలో మా ఊరివాళ్ల గోడు వేరే ఉంది, అది ఇంకోసారి. కానీ "ట్యాంకులో తప్పు ఎక్కడ జరిగిందో నువ్వు నిరూపించు, అప్పుడిస్తాం" అని మమ్మల్ని ఎవరూ అనలేదు. అక్క తమ్ముడూ వెంటిలేటర్ మీదే ఉన్నాడు. ఆయన్ని మాత్రం రుజువులు పట్టుకురమ్మనడం ఏటండీ?

వాల్తేరు వకీలు • 9 మే 2024

మంచి ప్రశ్న. ప్రమాదకర పరిశ్రమల వల్ల హాని జరిగితే తప్పుతో పనిలేకుండా పూర్తి బాధ్యత ఉంటుందని ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టీకాకు ఆ సూత్రాన్ని కోర్టులు అలాగే వర్తింపజేస్తాయని నేను అనుకోను. టీకా లోకానికి మేలు చేసే వస్తువు, విషవాయువు కాదు. మరి మేలు అందరికీ అందుతున్నప్పుడు, లక్షల్లో ఒకరికి జరిగే కీడు ఆ ఒక్క ఇంటి నెత్తినే ఎందుకు పడాలి? అడగాల్సింది అదీ.

తప్పు నిరూపించకుండా ఇవ్వడం మన చట్టాలకు కొత్తేమీ కాదు. రోడ్డు ప్రమాదంలో మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఎవరి తప్పన్నది చూడకుండానే వస్తాయి. కోవిడ్‌తో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 50 వేలు ఇచ్చారు. ఔషధ ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లకి ప్రయోగం వల్ల హాని జరిగితే 2019 నిబంధనల ప్రకారం స్పాన్సరు కట్టి తీరాలి, 8 లక్షల మూల మొత్తం మీద లెక్క కట్టే ఫార్ములా కూడా ఉంది. ఇంకో సంగతి చూడండి. 2021 మొదట్లో కోవాక్సిన్‌ను క్లినికల్ ట్రయల్ పద్ధతిలో వేసినప్పుడు, టీకా వల్లే తీవ్ర హాని జరిగిందని తేలితే కంపెనీ పరిహారం ఇస్తుందని అంగీకార పత్రంలోనే రాశారు. మార్చిలో ఆ షరతు ఎత్తేశారు. అదే టీకా, అదే చెయ్యి. ఫిబ్రవరిలో వేయించుకున్నవాడి దగ్గర కాగితం ఉంది, ఏప్రిల్‌లో వేయించుకున్నవాడి దగ్గర లేదు.

సచివాలయం ఏఎన్ఎం • 11 మే 2024

నేను టీకాలు వేసే మనిషిని. పేరు చెప్పను. ఏఈఎఫ్ఐ అనే మాట ఇక్కడ ఇంకా ఎవరూ ఎత్తలేదు. టీకా తర్వాత ఏం జరిగినా, టీకా వల్లే అయినా కాకపోయినా, ఆ పేరుతో రిపోర్టు చేయాలి. మరణం, ఆసుపత్రిలో చేరడం, వైకల్యం అయితే జిల్లా టీకా అధికారికి 24 గంటల్లో చెప్పాలి. ఫారంలో బ్యాచ్ నంబరు, టైము, ఎవరు వేశారు అన్నీ రాయాలి. తర్వాత కమిటీ కూర్చుని వర్గం తేలుస్తుంది.

రిపోర్టు చేయడానికి మాలో చాలామందికి భయం, అది నిజం. చంటిపిల్లకి తొడ మీద గడ్డ లేచిందంటే మొదట మెమో వచ్చేది సూది వేసినమ్మకే అన్న భయం. అందుకే "జ్వరం బిళ్ల వేయండి, తగ్గిపోతుంది" అని పంపేసేవాళ్లు ఉన్నారు. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవడానికి అని పైవాళ్లు ట్రైనింగ్‌లో చెప్తారు. ఆ మాట మీద నిలబడితే ఇంకా ఎక్కువ రిపోర్టులు వస్తాయి.

మధురవాడ నాన్న • 11 మే 2024

మా బాబుకి పద్నాలుగో వారం టీకా తర్వాత సరిగ్గా అలాగే అయింది. గడ్డ కోసి చీము తీశారు. ఇప్పుడు బాగున్నాడు. ఇప్పుడు చెప్పినా రాసుకుంటారా? ఆ అమ్మాయి మీద కేసు పెట్టాలని లేదు. ఇంకో బిడ్డకి అలా కాకూడదని.

సచివాలయం ఏఎన్ఎం • 11 మే 2024

రాసుకోవాలండీ. పీహెచ్‌సీ డాక్టరు గారికి కార్డు, ఆసుపత్రి చీటీ చూపించండి. అదే రోజు అదే సీసాలోంచి వేసిన మిగతా పిల్లల్ని కూడా కనుక్కుంటారు.

మహారాణిపేట డాక్టర్ • 12 మే 2024

ఆమె చెప్పిన వర్గాలే కోర్టులో కీలకం. 'ఏ' అంటే టీకాతోనో, వేసిన తీరుతోనో, ఆందోళనతోనో సంబంధం ఉన్నట్టు. 'సి' అంటే యాదృచ్ఛికం, వేరే కారణం ఉంది. 'డి' అంటే సమాచారం చాలక తేల్చలేకపోయారు. మధ్యలో 'బి' ఉంది. అందులో మొదటి రకం, వ్యవధి సరిపోయింది కానీ టీకా వల్లే వస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం ఇంకా చాలదు అని. మీ తమ్ముడి కేసు పరిశీలనకు వెళ్తే అక్కడ ఆగే అవకాశం ఎక్కువని నా అంచనా. అమెరికా పట్టిక లాంటిది ఉంటే ఆ సందేహం బాధితుడికి కలిసొస్తుంది. మన దగ్గర ఆ సందేహమే అవతలివాళ్లకి కలిసొస్తుంది.

అలాగని రిపోర్టు మానకండి. ఆలస్యమైనా డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఔషధాల దుష్ప్రభావాలకు 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరు ఉంది, రోగులే నింపే ఫారం తెలుగులోనూ దొరుకుతుంది. 2022 మేలో జాకబ్ పులియెల్ కేసులో, డాక్టర్లే కాకుండా మామూలు మనుషులు కూడా దుష్ప్రభావాలను నమోదు చేసే ఏర్పాటు ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది.

గాజువాక అక్క • 24 మే 2024

కేస్ షీట్ చేతికొచ్చింది! మొదట రికార్డ్ రూమ్ ఇంచార్జ్ లేడన్నారు, తర్వాత పాతవి గోడౌన్‌లో ఉన్నాయన్నారు. స్టాంపు వేసిన అర్జీ కాపీ చూపించి కదలకుండా కూర్చున్నాను. సాయంత్రానికి జిరాక్స్ ఇచ్చారు.

డిశ్చార్జ్ సమ్మరీలో టీకా ఊసే లేదు. కానీ లోపల, చేరిన రాత్రి డ్యూటీ డాక్టరు నీలం ఇంకుతో రాసిన పేజీ ఉంది. టీకా వేసిన తేదీ రాశాడు. దాని కింద "విరేచనాలు లేవు, జ్వరం లేదు, దగ్గు లేదు" అని వరసగా ఉంది. కోవిడ్ టెస్ట్ నెగెటివ్ రిపోర్టు పిన్ కొట్టి ఉంది. నరాల పరీక్ష, వెన్ను నీరు పరీక్ష రిపోర్టులు కూడా ఉన్నాయి. పే స్లిప్ దొరికింది. గేట్ పాస్ మెసేజ్ తమ్ముడి ఫోన్‌లో లేదు, వాడితో పనిచేసినతని ఫోన్‌లో దొరికింది.

మహారాణిపేట డాక్టర్ • 24 మే 2024

అమ్మా, ఆ పేజీ చాలా విలువైనది. అప్పటికి ఎవరికీ కేసు ఆలోచన లేదు, రోగి చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. నిపుణుడు మొదట చూసేది దాన్నే. ప్రతి పేజీ స్కాన్ చేసి రెండు చోట్ల దాచండి.

వాల్తేరు వకీలు • 25 మే 2024

భలే పని చేశారు అక్కా. ఇప్పుడు గడువుల సంగతి, ఇక్కడ కొంచెం ఇబ్బంది ఉంది. వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లు గడువు. కోవిడ్ కాలాన్ని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 28 దాకా లెక్కలోంచి తీసేసింది. అంటే మీకు మొన్న ఫిబ్రవరి చివరితో ముగిసింది. అయితే ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే 69వ సెక్షన్ కింద కమిషన్ మన్నించవచ్చు. మంచం మీద ఉన్నాడు, ఫిజియోథెరపీ నడిచింది అన్నవి కారణాలే, వాటికి కాగితాలు జోడించాలి. టీవీలో ఇప్పుడే చూశాం అంటే చాలదు. సివిల్ దావాకు మూడేళ్ల లెక్క వర్తిస్తే ఇంకా సమయం ఉంది. కోర్టు ఫీజు మాత్రం అడిగే మొత్తాన్ని బట్టి కట్టాలి, స్తోమత లేదని అర్జీ పెట్టుకోవచ్చు. కమిషన్‌లో ఆ బెడద లేదు, చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజే లేదు.

ఎవరి మీద వేయాలి? క్యాంపు పెట్టిన ఆసుపత్రి 30 నిమిషాలు కూర్చోబెట్టిందా, కాళ్లు తిమ్మిరెక్కితే వెంటనే రమ్మని చెప్పిందా అన్నది సేవాలోపం. ఉత్పత్తి మీద తగిన హెచ్చరిక ఇచ్చారా అన్నది 84వ సెక్షన్ కింద తయారీదారు బాధ్యత. టీకా చెడ్డదని వాదించొద్దు, ఆ వాదన నిలవదు, నిలవకూడదు కూడా. ఈ జబ్బు రావచ్చని తెలిసిన తేదీ ఏది, చెప్పిన తేదీ ఏది, మన వాడికి సూది వేసిన తేదీ ఏది, ఈ మూడింటి మీదే కేసంతా. గెలుస్తామని మాట ఇవ్వలేను.

కేసు పక్కన పెట్టి, ఈలోపు చేయాల్సింది సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే ధ్రువపత్రం. తీసుకున్నారా?

గాజువాక అక్క • 25 మే 2024

లేదండీ. కాళ్లూ చేతులూ ఉన్నవాడికి ఎందుకిస్తారులే అన్నారు ఎవరో.

సచివాలయం ఏఎన్ఎం • 25 మే 2024

అలా అన్నవాళ్ల మాట వినకండి అక్కా. పాదం పడిపోవడం నరాల బలహీనతే. మీ వార్డు సచివాలయంలో సదరం స్లాట్ బుక్ చేయించండి. నరాల పరీక్ష రిపోర్టు తప్పకుండా తీసుకెళ్లండి. 40 శాతం వస్తే పింఛనుకి అర్హత.

గాజువాక అక్క • 21 జూలై 2024

సదరం అయింది, 45 శాతం ఇచ్చారు. ఈ నెల నుంచి దివ్యాంగుల పింఛను ఆరు వేలు చేశారు కదా, అర్జీ పెట్టాం. డీఎంహెచ్ఓ ఆఫీసులో రిపోర్టు తీసుకున్నారు, రసీదు ఉంది. ఫలితం రాకపోతే సమాచార హక్కు కింద అడుగుతాను.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కూడా వెళ్లాం. ఆదాయం సర్టిఫికెట్ చూసి ఉచిత లాయర్‌కి అర్హత ఉందన్నారు. ఆసుపత్రి సేవల గొడవలు శాశ్వత లోక్ అదాలత్ కూడా చూస్తుందని అక్కడే తెలిసింది, ఫీజు లేదట. వకీలుగారూ, కమిషన్‌కి వెళ్లాలా, అక్కడికి వెళ్లాలా?

వాల్తేరు వకీలు • 21 జూలై 2024

ఆసుపత్రితో రాజీకి అవకాశం ఉందనిపిస్తే లోక్ అదాలత్ మంచిదే, త్వరగా తేలుతుంది. తయారీదారు మీద హెచ్చరిక వాదన తేల్చాలంటే నిపుణుల సాక్ష్యం కావాలి, దానికి కమిషనే తగిన చోటు. ఒకే విషయం మీద రెండు చోట్లా వేయకండి. నేనైతే ఆలస్యం మన్నింపు అర్జీతో కలిపి కమిషన్‌కే వెళ్తాను. మీకు కేటాయించిన లాయర్‌కి నా నంబరు ఇవ్వండి, డ్రాఫ్టు ఇద్దరం కలిసి చూస్తాం. ఒరిజినల్ కాగితాలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, నాక్కూడా. జిరాక్సులు చాలు.

గాజువాక అక్క • 22 జూలై 2024

అలాగేనండీ. తమ్ముడు కూడా వస్తానంటున్నాడు, ఆ తేదీలన్నీ తనే చెప్తాడట.